నివేదిక చిన్నదవ్వాలి, మనిషి మాయం కాకూడదు

తాగుడు, కుంగుబాటు తరచూ ఒకే మనిషిలో ఉంటాయి. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం వాటికి రెండు శాఖలు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరోగ్య శాఖది. 2020 ఆగస్టు 15న మొదలైన నషా ముక్త్ భారత్ అభియాన్ సామాజిక న్యాయ శాఖది. రెండింటికీ కలిపి ఒక చిన్న ఫారం చాలు. ఎన్ని సభలు పెట్టారు, ఎందరితో ప్రతిజ్ఞ చేయించారు అన్న గడులు తీసేయవచ్చు. ఎందరు చికిత్సకు వచ్చారు, మూడు నెలల తర్వాత ఎందరు కొనసాగుతున్నారు, ఆగినవారు ఎందుకు ఆగారు అన్నవే అసలు ప్రశ్నలు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. పథకం పనితీరును మిగిలిన 37 మంది దగ్గర కొలవాలి.

ఆ 37 మంది ఎవరు? ఇక్కడే సరళీకరణ జాగ్రత్తగా జరగాలి. దక్షిణ అండమాన్‌లోని ప్రోతరాపూర్‌ను తీసుకోండి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబాల్లో దళితులూ ఉన్నారు. కానీ అండమాన్ నికోబార్‌కు షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. సొంత రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన చోటికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ప్రోతరాపూర్‌లో చికిత్సకు వచ్చే దళిత కూలీ ఎస్సీ గడిలో కనబడడు. అక్కడ పడే సున్నా చట్టప్రకారం సరైనదే. ఆ సున్నాను చూసి సమస్య లేదనుకోవడమే ప్రమాదం.

ఈ సున్నాల రాజకీయం పాతదే. 1932లో లోథియన్ కమిటీ ముందు, కొన్ని ప్రాంతాల్లో అంటరానివారి సంఖ్యను తగ్గించి చూపే వాదనలను అంబేడ్కర్ ఎదుర్కోవాల్సి వచ్చింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ చికిత్సలో కుల వివక్ష ఉండకూడదంటుంది. కులం నమోదు కాకపోతే ఆ వివక్షను నిరూపించేదెలా?

గడులు తగ్గించమంటూనే కొత్తవి అడుగుతున్నారేమని కొందరు అనవచ్చు. అడుగుతున్నవి రెండే: రోగి తనంతట తాను చెప్పే కులం, మాట్లాడే భాష. చెప్పడం ఐచ్ఛికం కావాలి, చెప్పకపోయినా చికిత్స ఆగకూడదు. చిన్న ఊళ్లలో అంకెను బట్టి మనిషిని పోల్చుకోగలరు కాబట్టి దీవులన్నిటి మొత్తాలనే ప్రచురించాలి. సిబ్బందికి పని తగ్గాలి, నిజమే. తగ్గించే క్రమంలో చెరిపేసేది మాత్రం సభల లెక్క కావాలి, దళితుల ఉనికి కాదు.