పాస్ కొనే ముందు

ఈ సంచిక జపాన్‌లోని కన్సాయ్ ప్రాంతం మీద. అక్కడికి బయల్దేరే మనవాళ్లకు వచ్చే మొదటి సందేహం రైలు పాస్ గురించే.

దేశమంతటా చెల్లే ఏడు రోజుల జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000కు పెరిగింది. ఈ ప్రాంతపు జేఆర్ రైళ్లలో చెల్లే ఐదు రోజుల కన్సాయ్ వైడ్ పాస్ అప్పుడే 12,000 అయింది. చవకే కదా అని తొందరపడకండి. క్యోటో నుంచి ఒసాకాకు మామూలు రైల్లో అరగంట, టికెట్టు సుమారు 600 యెన్లు. నారాకు ఇంకాస్త. ఈ మూడు ఊళ్లే చూసేవారికి ఆ పాస్ శుద్ధ దండగ. పైగా క్యోటోలోని కింకాకుజీ ఆలయానికి వెళ్లే సిటీ బస్సులో, ఒసాకా మెట్రోలో, ప్రైవేటు కింతెత్సు రైళ్లలో అది చెల్లదు. క్యోటో, ఒసాకా మధ్య బుల్లెట్ రైలూ ఎక్కనివ్వరు. ఆ లైను ఈ పాస్ ఇచ్చే కంపెనీది కాదు, వేరే కంపెనీది.

హిమేజీ కోట, ఒకాయామా, కినోసాకి వేడినీటి బుగ్గలు కూడా చూస్తామంటే, వాటికీ ఈ పాస్ చెల్లుతుంది కాబట్టి, లెక్క మారిపోతుంది. ఒసాకా నుంచి కినోసాకికి ఎక్స్‌ప్రెస్‌లో ఒకవైపే 5,000 యెన్లు దాటుతుంది.

చూడాల్సిన ఊళ్లు ముందు రాసుకుని, విడి టికెట్ల ధరలు కూడండి. అమ్మానాన్నలు వెంట ఉంటే వాళ్లు అలసట తీర్చుకునే రోజులూ లెక్కలో వేయండి. మీరు గదిలో ఉన్నా పాస్ గడువు వరసగా కరిగిపోతూనే ఉంటుంది.