పాత కంప్యూటరుకు నాడి చూడడం

హౌరా నుండి రైలు మార్గాన సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఖరగ్‌పూర్ జంక్షన్ ఉన్నది. దానిని ఆనుకొని ఉన్న హిజ్లీ పేరు మొదట ఒక విషాదం వల్ల దేశమంతటికీ తెలిసింది. 1931 సెప్టెంబరు 16న అక్కడి నిర్బంధ శిబిరంలో జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు స్వాతంత్ర్య యోధులు నేలకొరిగారు. మరి ఇరవై ఏండ్లకు, 1951లో, ఆ నిర్బంధ శిబిరపు భవనమే దేశంలోని మొట్టమొదటి ఐ.ఐ.టి.కి ఆశ్రయమయింది. 1980లో అక్కడ కంప్యూటరు శాస్త్రానికి ప్రత్యేక శాఖ ఏర్పడింది.

ఖరగ్‌పూర్‌కు మరొక ముఖం రైల్వే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో నెలకొన్న కార్ఖానాలో పనికోసం కోస్తా జిల్లాల నుండి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి అక్కడనే స్థిరపడినవి. యంత్రానికి జబ్బు చేస్తే దాని ఒళ్లు ఎట్లా పరీక్షించాలో రైల్వేవారికి ఒకరు నేర్పనక్కరలేదు. బండి ఆగగానే ఒక ఉద్యోగి పొడుగాటి పిడి గల సుత్తితో చక్రాలను ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయేవాడు. చక్రం ఖంగున మోగితే క్షేమం. బోలుగా పలికితే ఎక్కడో పగులున్నట్లు. చక్రాన్ని ఊడదీయకుండానే, చెవితోనే రోగనిర్ణయం జరిగిపోయేది.

ముప్పై నలభై ఏండ్ల నాటి బల్లమీది కంప్యూటరును పరీక్షించే విద్యకు ఇది దగ్గరి చుట్టమే. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు కూడా తన క్షేమ సమాచారాన్ని చప్పుడు ద్వారానే తెలుపుతుంది. మీట నొక్కగానే అది తనను తాను పరీక్షించుకుంటుంది. అంతా బాగుంటే ఒక పొట్టి కూత. ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు వినబడితే తెరకు బొమ్మ పంపే కార్డులో లోపం. ఒక పొడుగు, ఒక పొట్టి అయితే ప్రధాన బోర్డులోనే లోపం. ఐ.బి.ఎం. 1978లో భారతదేశాన్ని విడిచిపోయింది గనుక ఇక్కడి ఇండ్లలో, కార్యాలయాలలో కనబడినవి ఎక్కువగా ఆ నమూనాను అనుసరించి స్వదేశంలో కూర్చిన యంత్రాలు. 1984 నాటి కొత్త కంప్యూటరు విధానం తరువాత వాటి సంఖ్య బాగా పెరిగింది. వాటి కూతల భాష కొంత వేరుగా ఉండవచ్చు గాని, వ్యాకరణం ఒక్కటే.

అటక మీదనుండి దించిన యంత్రానికి వెంటనే కరెంటు ఇవ్వడం అందరికీ కలిగే మొదటి కోరిక. అది మానుకోవలసిన కోరిక. మేదినీపూర్ ప్రాంతపు ఎర్రమట్టి దుమ్ము, వంగదేశపు వర్షాకాలపు చెమ్మ, ఈ రెండూ కలిసి పెట్టెలో ఏండ్ల తరబడి కాపురమున్నవి. ముందు మూత తెరచి మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. విద్యుత్ సరఫరా పెట్టె వెనుక 115, 230 వోల్టుల మీట ఉంటే అది 230 వైపే ఉన్నదా అని చూడాలి. తరువాతి నమూనాలలో గడియారానికై బోర్డు మీదనే అతికిన చిన్న బ్యాటరీ ఉంటుంది. నికెల్ కాడ్మియం రకం బ్యాటరీ కారితే అందులోని క్షారం రాగి తీగలను నిశ్శబ్దంగా తినివేస్తుంది. పచ్చని, తెల్లని పొరలు కనబడితే ముందు బ్యాటరీని తొలగించి, వినెగరుతో తుడిచి, శుభ్రమైన నీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తీగ తెగిందో లేదో తెలుసుకోవడం ఆ తరువాతి పని.

యంత్రం బొత్తిగా ఉలకకపోతే చాలామంది ‘సప్లయి పోయింది’ అని తీర్పు చెబుతారు. తరచుగా ఆ తీర్పు తప్పు. ఈ సరఫరా పెట్టెకు స్వీయరక్షణ ఉన్నది. బోర్డులో ఎక్కడైనా విద్యుత్తు నేరుగా భూమితీగకు చేరుతుంటే, అది ఫ్యానును ఒకసారి కదిలించి ఆగిపోతుంది. అంటే నిందితుడు నిర్దోషి అన్నమాట. కరెంటు తీసివేసి, మల్టీమీటరుతో 5, 12 వోల్టుల తీగలకూ నల్ల తీగకూ మధ్య నిరోధం కొలవాలి. సున్నాకు దగ్గరగా వస్తే లోపం బోర్డులోనో, కార్డులలోనో, డిస్కు డ్రైవులోనో ఉన్నట్లు. ఒక్కొక్కటి విడదీస్తూ కొలిస్తే దోషి దొరుకుతుంది. ఐ.బి.ఎం. తొలి యంత్రాలలో 12 వోల్టుల మార్గంలో ఉండే టాంటలం కెపాసిటర్లు ఈ నేరానికి పేరుపడినవి. మిరియపు గింజంత వస్తువు మొత్తం యంత్రాన్ని మూగది చేస్తుంది. వాటికి 16 వోల్టులే హద్దు గనుక, మార్చేటప్పుడు 25 వోల్టులది వేయడం క్షేమం.

తిరిగి కలిపేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు, కొండంత నష్టం తప్పుతుంది. సరఫరా తీగలు పి-8, పి-9 అనే రెండు జోడింపులుగా బోర్డుకు చేరుతాయి. అవి పక్కపక్కన ఉన్నప్పుడు నల్ల తీగలు మధ్యలో ఒకచోటికి రావాలి. తారుమారయితే బోర్డు మీద ఆశ వదులుకోవలసిందే.

ఇక అన్ని కార్డులూ తీసివేసి, సరఫరానూ స్పీకరునూ మాత్రమే ఉంచి మీట నొక్కాలి. ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు వినబడితే సంతోషించవలసిందే! తెర కార్డు లేదని యంత్రం ఫిర్యాదు చేస్తున్నది. ఫిర్యాదు చేయగలిగిందంటే ప్రాసెసరు, శాశ్వత స్మృతి, తాత్కాలిక స్మృతిలోని మొదటి భాగం ప్రాణంతో ఉన్నట్లే. నిశ్శబ్దమే అసలు ప్రమాదసూచన. స్మృతిలోని మొదటి వరుస చెడినా యంత్రం కూత లేకుండానే ఆగిపోవచ్చు. అప్పుడు సాకెట్లలోని చిప్పులను వేలితో మెల్లగా అదిమి చూడడం తొలి చికిత్స. వేడికి వ్యాకోచించి, చల్లారి సంకోచించి అవి ఏండ్ల మీద కొద్దికొద్దిగా పైకి జరుగుతాయి. కొంచెంసేపు నడిపి ఆపి తాకితే, మిగిలిన వాటికంటె ఎంతో ఎక్కువ వేడెక్కిన చిప్పును అనుమానించవచ్చు.

తెర వెలిగి ‘201’ అనే అంకె కనబడితే తాత్కాలిక స్మృతిలో దోషం. 301 కీబోర్డుకు, 601 ఫ్లాపీకి, 1701 హార్డ్‌డిస్కుకు. ఐ.బి.ఎం. తొలి నమూనాలో 201కి ముందు మరి నాలుగు అంకెలు వస్తాయి. వాటిలో మొదటి రెండూ ఏ వరుసో చెబుతాయి. చివరి రెండూ ఆ వరుసలోని తొమ్మిది చిప్పులలో ఏదో చెబుతాయి. 01 అయితే మొదటి దత్తాంశ చిప్పు, 02 రెండవది, 04 మూడవది, అట్లా రెట్టింపవుతూ పోయి 80 ఎనిమిదవది. 00 వస్తే సరిచూపు చిప్పు. ఈ కాలపు యంత్రాలలో ఇంత వివరంగా తన నొప్పి చెప్పుకొనేవి అరుదు.

ఒక్క హెచ్చరిక. పాత తరహా తెర పెట్టెను విప్పడం అనుభవం లేనివారి పని కాదు. కరెంటు తీసిన తరువాత కూడా దాని గాజుగొట్టంలో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

యంత్రం బతికిన ఉత్సాహంలో ఇంటిలోని ఫ్లాపీలన్నిటినీ వరుసగా పెట్టి చూడడం మరొక పెద్ద ప్రమాదం. చెమ్మ ప్రదేశాలలో ఫ్లాపీ పళ్లెం మీద బూజు పడుతుంది. బూజు పట్టిన ఒక్క ఫ్లాపీ డ్రైవులోని చదివే తలను మలినం చేస్తే, ఆ తల తరువాత వచ్చిన మంచి ఫ్లాపీలను కూడా గీసి పాడుచేస్తుంది. కనుక మొదట పోయినా బాధలేని ఫ్లాపీతోనే పరీక్షించాలి. విలువైనవాటి మీద వ్రాతను నిరోధించే చీటీ అతికించిన తరువాతనే లోపల పెట్టాలి.

వాటిలో ఏమున్నదో ఎవరికి తెలుసు? మాతృభాషకు దూరంగా ఉన్నవారు తెలుగులో వ్రాసుకొన్న ఉత్తరాలో, నాటకాలో కావచ్చు. సీ-డాక్ సంస్థ జిస్ట్ కార్డు అమర్చిన యంత్రాలలో ఆనాడే తెలుగు లిపి వ్రాయడం సాధ్యమయింది. 1991లో ప్రమాణంగా నిలిచిన ఇస్కీ సంకేతాలలో ఉన్న వ్రాతను నేటి యూనికోడ్‌లోకి మార్చవచ్చు. ముద్రణకై వాడిన కొన్ని పాత అక్షర సంపుటాలు మాత్రం తమ సొంత సంకేతాలనే పాటించినవి. ఆ సంపుటం ఉన్న హార్డ్‌డిస్కును తుడిచివేస్తే ఫ్లాపీలోని వ్రాత అర్థంకాని గుర్తులుగానే మిగిలిపోతుంది.

నేర్పరులు కూడా పొరబడే చోటు మరొకటి ఉన్నది. చదివే తల తన దారి నుండి వెంట్రుకవాసి పక్కకు జరిగిన డ్రైవు అప్పటివరకు వ్రాసినదంతా ఆ వంకరదారిలోనే వ్రాసి ఉంటుంది. ఆ ఫ్లాపీలను సరియైన డ్రైవు చదవలేకపోవచ్చు, ఆ వంకర డ్రైవే చదువుతుంది. ముందుగా దానిని సరిదిద్దితే ఇంటివారి ఫ్లాపీలన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. అందువల్ల ఈ ఒక్క దోషాన్ని కనిపెట్టిన తరువాత కూడా ముట్టుకోకుండా, ఉన్నదంతా మరొకచోటికి నకలు తీసుకొని, ఆ పైననే స్క్రూడ్రైవరు చేత పట్టాలి.