చిన్న వర్సిటీకి పెద్ద ఆట భారమే

కెంటకీ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ కాలిపారి ఏడాది జీతం అప్పట్లో 80 లక్షల డాలర్ల పైమాటే. సెయింట్ పీటర్స్ విశ్వవిద్యాలయం తన పురుషుల జట్టు మొత్తం మీద ఏడాదికి పెట్టే ఖర్చు సుమారు 16 లక్షల డాలర్లు. 2022 మార్చి 17న అమెరికా కాలేజీల జాతీయ టోర్నీ తొలి రౌండ్‌లో ఈ రెండు జట్లూ తలపడ్డాయి. నిర్ణీత సమయానికి స్కోరు 71-71. అదనపు సమయంలో సెయింట్ పీటర్స్ 85-79తో గెలిచింది. డేరిల్ బ్యాంక్స్ 27 పాయింట్లు కొడితే, బెంచీ మీద నుంచి దిగిన డగ్ ఎడర్ట్ 20 కొట్టాడు. తర్వాత ముర్రే స్టేట్, పర్డ్యూ కూడా దాని చేతిలో ఓడాయి. 15వ సీడ్ జట్టు చివరి ఎనిమిదింటిలో నిలవడం ఆ టోర్నీలో అదే మొదటిసారి. అక్కడ నార్త్ కరోలినా 69-49తో అడ్డుకట్ట వేసింది.

విజయవాడలో లయోలా కాలేజీని నడుపుతున్న జెస్యూట్ సంఘమే 1872లో జెర్సీ సిటీలో సెయింట్ పీటర్స్‌ను స్థాపించింది. మనవాళ్ల కొట్లు, హోటళ్లు వరుసగా ఉండే ఇండియా స్క్వేర్ అక్కడికి దగ్గరే. ఆ వసంతంలో ఊరంతా పండగ చేసుకుంది. మరి ఆ గెలుపు ఫలం ఎవరికి దక్కింది?

కోచ్ షహీన్ హాలోవే రోజుల వ్యవధిలోనే తాను చదువుకున్న సీటన్ హాల్‌కు వెళ్లిపోయారు. బ్యాంక్స్ సెయింట్ బోనవెంచర్‌లో, ఎడర్ట్ బ్రయంట్‌లో చేరారు. మరికొందరూ అదే బాట పట్టారు. వాళ్లను తప్పుపట్టలేం. కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోకుండా వెంటనే ఆడవచ్చని 2021లో నిబంధన మారింది. అదే ఏడాది జులై నుంచి క్రీడాకారులు తమ పేరు మీద ప్రకటనల ఆదాయం పొందే వీలూ కలిగింది. ప్రతిభకు ధర పలికే చోటికి ప్రతిభ వెళ్తుంది. టోర్నీలో ఆడిన ఒక్కో మ్యాచ్‌కు ఆరేళ్లలో దాదాపు 20 లక్షల డాలర్లు వస్తాయి. కానీ ఆ సొమ్ము చేరేది కాన్ఫరెన్సుకు, అంటే ఆ జట్టు ఆడే కాలేజీల కూటమికి. అక్కడి నుంచి సభ్య సంస్థలన్నీ పంచుకుంటాయి.

ఈ లెక్క తెలిసిన మరో రెండు చిన్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వేరే దారి ఎంచుకున్నాయి. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ 2021 మార్చిలో తొలిసారి ఈ టోర్నీకి అర్హత సాధించింది. రెండు నెలలు తిరగకముందే కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్ నుంచి కింది స్థాయి డివిజన్ త్రీకి మారాలని పాలకమండలి తీర్మానించింది. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ 2025 మార్చిలో అదే టోర్నీలో అలబామా స్టేట్ చేతిలో 68-70తో ఓడింది. వారం రోజుల్లోనే అదీ డివిజన్ త్రీకి వెళ్తున్నట్లు ప్రకటించింది.

ఒత్తిడి అప్పటి నుంచి ఇంకా పెరిగింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో వర్సిటీ ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా చెల్లించవచ్చు. చేసిన శ్రమకు వేతనం దక్కడం న్యాయమే. అయితే అదే ఒప్పందం కింద పాత క్రీడాకారులకు ఇవ్వాల్సిన సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం కోసం చిన్న కాన్ఫరెన్సుల వాటాలోనూ కోత పడుతోంది. పోటీ పడలేని పందేనికి వీళ్లూ సుంకం కడుతున్నారన్నమాట.

డివిజన్ త్రీలో క్రీడా స్కాలర్‌షిప్ ఉండదు. ఆడేవాళ్లూ ఫీజు కట్టి చదువుకునే విద్యార్థులే. చాలా చిన్న కాలేజీల్లో విద్యార్థుల్లో గణనీయ భాగం ఏదో ఒక జట్టులో ఉంటారు. ఆటే వాళ్లను ఆ కాలేజీకి రప్పిస్తుంది. అంటే అక్కడ క్రీడ ఖర్చుల ఖాతాలో కాదు, అడ్మిషన్ల ఖాతాలో నిలుస్తుంది.

డివిజన్ త్రీకి మారడంపై బలమైన అభ్యంతరమే ఉంది. పేదింటి పిల్లలు కొందరికి క్రీడా స్కాలర్‌షిప్పే డిగ్రీకి దారి. అది మూసుకుపోతే నష్టం వాళ్లదే. కాబట్టి మార్పును ఎన్నుకునే యాజమాన్యానికి రెండు బాధ్యతలుంటాయి. ఇప్పటికే చేరిన క్రీడాకారులకు ఇచ్చిన మాట పట్టా అందేదాకా నిలబెట్టుకోవాలి. మిగిలే సొమ్మును ఆర్థిక స్తోమత లేని విద్యార్థుల ఫీజు రాయితీకే మళ్లించాలి.

పెద్ద ఆటలోనే కొనసాగుతామనే సంస్థలు ఖర్చెంత, వచ్చేదెంత, ఆ తేడా ఎవరి ఫీజుల నుంచి పూడుతోందో ఏటా బయటపెట్టాలి. ఎంఎస్ కోసం అప్పు చేసి మరీ వెళ్లే మన పిల్లల ఫీజులు కూడా ఇలాంటి ఎన్నో వర్సిటీల బడ్జెట్‌కు ఊతం. ఆ వివరం అడిగే హక్కు వాళ్లకూ ఉంది. కెంటకీపై గెలుపు నిజమైనదే, గొప్పదే. కానీ ఎప్పుడో తగిలే అలాంటి గెలుపును నమ్ముకుని చిన్న వర్సిటీ ఏటేటా బడ్జెట్ రాసుకోలేదు. తన విద్యార్థుల్లో ఎంతమంది మైదానంలోకి దిగుతున్నారు, ఎంతమంది పట్టాతో బయటికి వెళ్తున్నారు అన్నదే దాని క్రీడా విభాగానికి అసలైన కొలమానం కావాలి.