పెన్సిలు లాక్కుంటే సరిపోతుందా?

"హజరత్, మావాడు లెక్కల పుస్తకం నిండా బొమ్మలే గీస్తా ఉన్నాడు. హరామ్ అని మీరే గట్టిగా చెప్పండి" అంటూ నిమ్మనపల్లెలో ఒక తల్లి మా దగ్గరకు వచ్చింది. వెనకటికైతే పిల్లవాడి చేతిలోని పెన్సిలు లాక్కుని పంపేవాళ్లమే. చాలామంది పిల్లల విషయంలో అలాగే చేశాం కూడా.

ప్రాణుల చిత్రాల గురించి ఉలమాల మాట పాఠకులకు తెలిసిందే. దాన్ని మేము కాదనడం లేదు. కాని సహీహ్ బుఖారీలోని ఒక ఉదంతాన్ని మనం సగమే చెప్పుకుంటున్నాం. బొమ్మలు వేసి బతికే ఒక మనిషి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చాడు. ఆయన దైవప్రవక్త (సఅసం) హెచ్చరికను వినిపించారు. ఆ మనిషి ముఖం పాలిపోయింది. ఆయన అంతటితో ఊరుకోలేదు. వేయక తప్పదనుకుంటే చెట్లనూ, ప్రాణం లేని వాటినీ వేసుకొమ్మన్నారు. అతని పొట్టకూటికి దారి చూపారు. మనం మాత్రం హెచ్చరిక దగ్గరే ఆగిపోతున్నాం.

ఆ తల్లికి మేము కృష్ణారెడ్డి గారి సంగతి చెప్పాం. ఆయన 1925లో చిత్తూరు దగ్గరి నందనూరులో పుట్టారు. మన మదనపల్లె పక్కనున్న రిషివ్యాలీలో చదివారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యులు. 1949లో లండన్ వెళ్లి హెన్రీ మూర్ వద్ద, ఆ తరువాత పారిస్‌లో జాడ్కిన్ వద్ద శిల్పం నేర్చారు. పారిస్‌లోనే హేటర్ గారి ముద్రణశాల 'అతెలియె 17'లో చేరారు. అక్కడ ఆయనా, సహచరులూ కలిసి కొత్త పద్ధతి తెచ్చారు. లోహపు రేకును వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. రంగుల్లో అవిసెనూనె ఎక్కువ తక్కువలుగా కలుపుతారు. గట్టి రోలరు పైభాగాన్నే తాకుతుంది, మెత్తని రోలరు లోతుల్లోకి దిగుతుంది. పలుచని రంగూ చిక్కని రంగూ ఒకదానిలో ఒకటి కలిసిపోవు. రంగులన్నీ ఒకే రేకు నుంచి ఒకేసారి కాగితం మీదకు వస్తాయి. శిల్పి చేతికి తెలిసిన లోతు, చిత్రకారుడి కంటికి తెలిసిన రంగు ఇందులో కలిశాయని మాకు తోస్తుంది.

ఆయన మనుషుల ఆకారాలూ చేశారు. అందులో మన దారి వేరు. కాని పేరు తెచ్చిన పనుల్లో నీటి అల ఉంది, సుడిగుండం ఉంది. తరువాత న్యూయార్క్ చేరి అక్కడి విశ్వవిద్యాలయంలో బోధించారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లోనే కన్నుమూశారు.

మన ఇళ్ల నుంచి కువైట్‌కు, సౌదీకి పోయిన బిడ్డలెందరో. డ్రైవరు పనికి, కూలికి పరదేశం పోవడం మనకు బాగా తెలుసు. హునర్ చేతబట్టుకుని పోవడమే అలవాటు కాలేదు. తొలి వహీలోనే కలం ప్రస్తావన ఉన్న సమాజం మనది. ఖత్తాతీని ఇబాదత్‌లా నేర్చిన ఉస్తాదులు మనకుండేవారు. ఈనాడు జల్సా పోస్టరు కూడా కంప్యూటరు అక్షరాలతోనే వస్తోంది. మదర్సాల్లో వారానికి ఒక్క గంట ఖత్తాతీకి, తీగలూ ఆకుల నక్షీకి ఇస్తే ఏ పాఠమూ వెనకబడదు.

పిల్లవాడికి గీతల్లేని నోటుబుక్కు ఒకటి కొనిచ్చాం. బాహుదా ప్రాజెక్టు నీళ్లను గీసుకు రమ్మన్నాం. "నీళ్లకు రంగేముంది హజరత్?" అని అడిగాడు. తెల్లవారి ఫజర్ తరువాత ఒకసారి, అసర్ తరువాత ఒకసారి వెళ్లి చూడమన్నాం.