సోడియం ఎందుకు దూరలేదు?

అక్టోబరులో నోబెల్ జాబితా వెలువడగానే మన టీవీ చర్చల్లో ‘మనవాళ్లకు ఎప్పుడు?’ అన్న మాట మొదలవుతుంది. ఏటా అదే ప్రశ్న వినడం బాధగా ఉంది, ఎందుకంటే అడగాల్సింది అది కాదు. వెంటనే ఏ లాభమూ కనబడని ఒక్క సందేహం పట్టుకుని పదీ పన్నెండేళ్లు కూర్చునే మనిషికి మన దగ్గర జీతం ఎవరిస్తారన్నది అడగాలి. 2003లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న రాడరిక్ మెకినన్ అలాంటి మనిషి. ఆయన డాక్టరు. బోస్టన్‌లో ఆసుపత్రి శిక్షణ కూడా ముగించి, ముప్పై ఏళ్ల వయసులో వైద్యం వదిలి ప్రయోగశాలకు వెళ్లారు. ఆయన్ను పట్టుకున్న సందేహం ఎనిమిదో తరగతి పిల్లకైనా అర్థమవుతుంది. కణం పొరలో పొటాషియం అయాన్లు దాటడానికి ప్రోటీన్‌తో కట్టిన సన్నని దారి ఉంది, దాన్నే అయాన్ చానల్ అంటారు. సోడియం అయాన్ పొటాషియం కన్నా చిన్నది. పెద్దది పట్టే సందులో చిన్నది ఇంకా సులువుగా దూరిపోవాలి. దూరదు. పదివేల పొటాషియం అయాన్లు దాటితే సోడియం ఒక్కటి దాటడం గగనం. అయినా పొటాషియం మాత్రం సెకనుకు కోట్ల లెక్కన పరుగెడుతుంది. ఇంత కట్టడి, ఇంత వేగం ఒకే చోట ఎలా కుదిరాయి?

ఈ ప్రశ్న ఆయనతో పుట్టలేదు. నరంలో విద్యుత్ సంకేతం సోడియం, పొటాషియం కదలికల వల్లే నడుస్తుందని హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో సముద్రపు స్క్విడ్ నరం మీద తేల్చారు. కేంబ్రిడ్జిలో కంప్యూటరు అందుబాటులో లేకపోతే, హక్స్‌లీ ఆ లెక్కలన్నీ చేత్తో తిప్పే యంత్రం మీదే చేశారు. ఒక్క చానల్ తెరుచుకున్నప్పుడు పారే కరెంటును నేయర్, సాక్‌మన్ 1976లో కొలిచారు. చానల్ ఆకారం మాత్రం ఎవరికీ కనబడలేదు. నలభై ఏళ్లకు చేరువవుతూ మెకినన్ తనకు రాని విద్యకు, ఎక్స్‌రే స్ఫటిక శాస్త్రానికి మళ్లారు. పొరలో ఒదిగి ఉండే ప్రోటీన్లు స్ఫటికాలుగా పేరుకోవడం మహా కష్టం. 1998లో మట్టిలోని ఒక బ్యాక్టీరియా చానల్‌తో జవాబు దొరికింది. నీటిలో అయాన్ చుట్టూ నీటి అణువులు ముసురుకుని ఉంటాయి. ఇరుకు దారిలోకి రావాలంటే వాటిని వదులుకోవాలి. దారి గోడల్లోని ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా పొటాషియానికి నీరు ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలోనే నిలబడి, ఆ లోటు తీరుస్తాయి. సోడియం చిన్నది కనుక అవి దానికి అందవు. నీటిని వదిలి లోపలికి వస్తే దానికి నష్టమే. ఇంత అందమైన జవాబు జీవశాస్త్రంలో అరుదు.

పేద దేశానికి ఇవన్నీ విలాసాలేనని, బీపీ మాత్రలైన కాల్షియం చానల్ మందులు చానల్ ఆకారం తెలియకముందే వచ్చాయని అనేవారున్నారు. రెండో మాట నిజమే. అలాగే వచ్చిన టెర్ఫెనడిన్ అనే అలర్జీ మాత్ర కొందరి గుండె లయ చెడగొట్టి ప్రాణాలు తీసింది కూడా. కారణం హెర్గ్ అనే పొటాషియం చానల్‌ను అది మూసేయడం. ఆ చానల్ జాడ ఎక్కడ మొదలైందనుకున్నారు? ఈథర్ మత్తులో కాళ్లు వణికించే పండు ఈగల దగ్గర! ఈగ కాళ్ల వణుకు మీద పరిశోధనకు మూడేళ్ల గడువుతో, ‘సమాజానికి ప్రయోజనం’ అన్న గడి నింపమంటే ఏం రాయాలి? ఇవాళ హైదరాబాద్ కంపెనీ అయినా సరే, కొత్త మందును మనుషులకు ఇచ్చే ముందు హెర్గ్ పరీక్ష దాటించాలి. పరిశోధనకు మన దేశం వెచ్చించేది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. అందులోనూ ముందే ఫలితం చెప్పమంటున్నాం.

డబ్బొక్కటే కాదు, ప్రశ్నను మొలకలోనే తుంచేస్తున్నాం. నీట్‌లో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. అందుకు తగ్గట్టే మన బైపీసీ కాలేజీల్లో సోడియం, పొటాషియం నాలుగు జవాబుల్లో ఒకదాన్ని గుర్తుపట్టే బిట్లుగా మిగిలాయి. నాలుగైదు వందల పేజీల మెటీరియల్ బట్టీపట్టి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల, ఎంబీబీఎస్ అయ్యాక ప్రయోగశాలకు వెళ్తానంటే పీజీ సీటు సంగతేమిటని ఇల్లంతా కంగారుపడుతుంది. స్టడీ అవర్లో ‘చిన్నదైన సోడియం ఎందుకు దూరదు సార్?’ అని లేచి అడిగిన పిల్లకు, అది సిలబస్‌లో లేదు కూర్చోమని చెప్పడం ముందు ఆపండి.