ఆట మధ్యలో ఆరిపోయే కంప్యూటరు

ఉత్తరాలు రాసుకున్నా, లెక్కలు వేసుకున్నా రోజంతా నిక్షేపంగా పనిచేసే కంప్యూటరు, ఆట మొదలైన పావుగంటకే ఎవరో ప్లగ్గు ఊడబెరికినట్టు ఆరిపోతుంది. యంత్రానికి ఆయుర్దాయం తీరిందనుకుని యజమాని కొత్తదాని ధర విచారిస్తాడు. ఆ తొందర చాలా సందర్భాలలో అనవసరం. యంత్రం తనను తాను కాపాడుకుంటున్నదేమో ముందు చూడాలి.

ఆట సాగుతున్నంతసేపూ ప్రాసెసరూ, దృశ్యాలను చిత్రించే గ్రాఫిక్స్ కార్డూ కలిసి శ్రమిస్తాయి. ఆ శ్రమకు విద్యుత్తు అధికంగా కావాలి. వేడి అధికంగా పుడుతుంది. అనుమానించవలసినవి ముఖ్యంగా ఈ రెండే.

నేటి ప్రాసెసర్లలో అనేకం 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు రాగానే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి పెరిగితే యంత్రాన్ని ఆపివేస్తాయి. ఉష్ణోగ్రతను చూపే ప్రోగ్రాములు ఉచితంగానే లభిస్తాయి. ఆరిపోయే ముందు అంకె ఆ హద్దును సమీపిస్తుంటే, ఫ్యాన్లు తిరుగుతున్నాయా, వాటి వెనుక దుమ్ము పేరుకున్నదా అని చూడాలి. పెట్టెను గోడకు ఆనించి ఉంచడం, వేసవి ఉక్క కూడా కారణాలే.

వేడి అదుపులోనే ఉండి యంత్రం ఆగిపోతే, పవర్ సప్లయిని అనుమానించాలి. గ్రాఫిక్స్ కార్డు క్షణమాత్రం అనూహ్యంగా ఎక్కువ విద్యుత్తును గుంజుతుంది. అందుకే 2022లో వెలువడిన ఏ.టి.ఎక్స్. 3.0 ప్రమాణం, సెకనులో పదివేలవ వంతు కాలంపాటు రెట్టింపు భారాన్ని మోయగల సామర్థ్యాన్ని నిర్దేశించింది. కరెంటు పోయినప్పుడే ఆరిపోతుంటే యు.పి.ఎస్.ను పరిశీలించాలి. 600 వి.ఎ. అని రాసి ఉన్నవాటిలో అనేకం ఇవ్వగలిగేది 360 వాట్లే.

విండోస్ చిట్టాలో కనిపించే 41వ సంఖ్య నమోదును చూసి పలువురు కంగారు పడతారు. యంత్రం సక్రమంగా మూతపడలేదని మాత్రమే దాని అర్థం. కారణాన్ని అది చెప్పదు.

ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఆటలోని సెట్టింగులలో సెకనుకు చూపే ఫ్రేముల సంఖ్యను సగానికి తగ్గించి ఆడి చూడాలి. అప్పుడు ఆగకపోతే, దోషం భారంతో ముడిపడినదని భావించవచ్చు.

ఒక్క హెచ్చరిక. పవర్ సప్లయి పెట్టెను ఎవరూ ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఈ పరీక్షలన్నిటికీ ముందు, ముఖ్యమైన ఫైళ్ళకు వేరొకచోట నకలు తీసి ఉంచుకోవాలి. పవర్ సప్లయి పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. పోయిన కుటుంబ ఛాయాచిత్రాలు ఏ దుకాణంలోనూ దొరకవు.