వీధి ఇరవై అడుగులు, దారి ఎనిమిది

మా హాస్టల్ ముందున్న వీధి వెడల్పు ఇరవై అడుగులు. ఈ వార్షికోత్సవ సంచిక కోసం టేపు పెట్టి మేమే కొలిచాము. ఈ గోడ నుండి ఆ గోడకు సరిగ్గా ఇరవై. వినడానికి ఇది మరీ చిన్న దారేమీ కాదు. కానీ రాత్రి ఎనిమిది దాటిన తరువాత మా వనస్థలిపురం వచ్చి చూడండి. రెండు వైపులా కార్లు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక కారు ఐదున్నర అడుగులు, గోడకూ దానికీ మధ్య అర అడుగు. రెండు పక్కలా కలిపితే పన్నెండు పోయింది. మిగిలింది ఎనిమిది అడుగులు. ఇంటి ముందు గ్రానైటు ర్యాంపు కట్టుకున్న చోట కారు ఇంకా ఇవతలికి జరుగుతుంది కనుక ఆ ఎనిమిది కూడా ఉండదు.

మన దేశంలో లారీ వంటి పెద్ద బండి వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండవచ్చునని నిబంధన. అంటే ఎనిమిదిన్నర అడుగులు. ఏదైనా ఇంట్లో గ్యాస్ సిలిండరు అంటుకుంటే అంత వెడల్పున్న ఫైరింజను మా వీధిలోకి రాదు. ఈ లెక్క వేసిన రోజు మా గదిలో కాసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు.

ఫైరింజను సంగతి ఊహ. 108 సంగతి మాత్రం మా కళ్ల ముందు జరిగింది. పోయిన వానాకాలం ఒక రాత్రి ఒంటిగంట దాటాక మా ఎనిమిదో తరగతి తమ్ముడికి కడుపునొప్పి, వాంతులు. వార్డెన్ సారు 108కి ఫోన్ చేశారు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఈ అంబులెన్సు ఎంతమంది పేదవాళ్లను బతికించిందో మా ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ రాత్రి కూడా తొందరగానే వచ్చింది. వీధి మొదట్లో మలుపు దగ్గర ఆగిపోయింది. సరిగ్గా మలుపు మీదనే ఒక కారు, దాని ఎదురుగా ఇంకొకటి ఉండటం వల్ల బండి తిరగలేదు. హారన్ కొడితే రెండు మూడు ఇళ్లలో లైట్లు వెలిగాయి, తలుపులు తెరుచుకోలేదు. కామాటి అన్న, పదో తరగతి వాళ్లు ఇద్దరు కలిసి తమ్ముణ్ణి దుప్పటిలో పెట్టుకొని వానలో మోసుకుపోయారు. మరునాడు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగున్నాడు, ఈ సంచికలో అతను వేసిన బొమ్మ కూడా ఉన్నది.

ఆ కారు ఎవరిదో మాకు తెలుసు, రాయము. ఆయన చెడ్డవాడు కాదు. దసరాకు మాకు మిఠాయి పంపే ఇల్లే అది. అందుకే దీనిని మంచివాళ్లు, చెడ్డవాళ్ల సమస్యగా మేము చూడటం లేదు. మంచివాడు కూడా చోటు దొరికిన దగ్గర బండి పెట్టి నిద్రపోతాడు. ఎక్కడ పెట్టకూడదో ఎవరూ గీత గీసి చెప్పలేదు.

నెలనెలా బియ్యం లారీ వచ్చే రోజు సంగతి చెబితే నవ్వుతారు. తెలంగాణలో 2015 జనవరి నుండి హాస్టళ్లకు సన్నబియ్యం ఇస్తున్నారు, అన్నం బాగుంటున్నది. అయితే లారీ మెయిన్ రోడ్డు మీదనే ఆగుతుంది. అక్కడి నుండి బస్తాలు హమాలీలతో పాటు మేమూ ఇంత చెయ్యి వేసి తోపుడు బండి మీద తెచ్చుకుంటాము. ఒకసారి బస్తా ఒక కారు అద్దానికి తగిలి, ఆ ఇంటివారితో వంట అక్క గంటసేపు మాటలు పడింది. దారిలో కారు పెట్టినవారు అరిచారు, దారిలో నడిచిన అక్క తలవంచుకున్నది.

వనస్థలిపురంలో హౌసింగ్ బోర్డు ఇళ్లు కట్టిన కాలంలో ఇంటికి ఒక స్కూటరు ఉంటే గొప్ప. వీధులను ఆ లెక్కకే వేశారు. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఒక కుటుంబం ఉన్న స్థలంలో నాలుగైదు అంతస్తులు లేచాయి. మెట్రో 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా వచ్చింది. అక్కడి నుండి లోపలి కాలనీలకు బస్సో, షేర్ ఆటోనో పట్టుకోవాలి. కనుక ఎవరికి వారు బండి కొనుక్కున్నారు. ఇళ్లు పెరిగాయి, బండ్లు పెరిగాయి, వీధి మాత్రం ఆ ఇరవై అడుగులే.

కొత్త భవనాలకు పార్కింగ్ స్థలం ఉండి తీరాలని 2012 ఏప్రిల్ నాటి జీవో 168 చెబుతున్నది. స్థలం వదిలారు కూడా. తరువాత దానిలో కొందరు కిరాణా కొట్టు పెట్టించారు, కొందరు టెంట్‌హౌస్ సామాను నింపారు, కొందరు గది కట్టి అద్దెకిచ్చారు. ఇంటి కింద అద్దె వస్తుంది, కారు వీధిలో ఉచితంగా నిలబడుతుంది. ఇంకా విచిత్రం, అదే ఇంటి గేటుకు "ఇచ్చట బండ్లు నిలుపరాదు, గాలి తీయబడును" అని బోర్డు! తన కారు ఎదుటివారి గోడ పక్కన పెడతారు, తన గోడ పక్కన ఎవరినీ పెట్టనివ్వరు.

మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్‌కు డబ్బు తీసుకోరాదని ప్రభుత్వం 2018 మార్చిలో జీవో 63 ఇచ్చింది. మంచిదే. మాల్‌కు పోయే వారి గురించి అంత ఆలోచించినవారు జనం నివసించే గల్లీల గురించి కూడా ఒక కాగితం రాయాలి గదా అని మా అభిప్రాయం. నిజానికి నిబంధన కొత్తగా పుట్టవలసిన పని లేదు. మలుపు దగ్గర, కూడలి దగ్గర, ఆగి ఉన్న మరొక బండికి ఎదురుగా బండి నిలపరాదని 1989 నాటి రోడ్డు నియమాలలోనే ఉన్నది. ఆ తరువాత 2017లో కొత్త నియమాలు కూడా వచ్చాయి. ఇతరులకు అడ్డంగా బండి వదలరాదని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను ఇప్పటికీ చెబుతున్నది. ఇవన్నీ మెయిన్ రోడ్డు దాటి మా వీధిలోకి రావు. టోయింగ్ బండి కూడా లోపలికి రావడం మేము చూడలేదు.

ఈ వ్యాసం రాసే ముందు మాలో మాకే పెద్ద వాదన జరిగింది. మా మిత్రుడు ఒకరి నాన్న ఇక్కడికి దగ్గరలోనే ఒక్క గది అద్దెకు తీసుకొని ఆటో నడుపుతాడు. "పార్కింగ్ వద్దంటే మా నాయిన ఆటో నెత్తి మీద పెట్టుకోవాల్నా?" అని అతను అడిగాడు. సమాధానం మాకు వెంటనే తోచలేదు. జపాన్‌లో 1962 చట్టం ప్రకారం బండి పెట్టుకునే స్థలం ఉన్నదని పోలీసుల వద్ద పత్రం తెచ్చుకుంటేనే కారు రిజిస్టర్ అవుతుందని చదివి మొదట అదే మంచిదనుకున్నాము. కానీ స్థలం ఉన్నవాడికే బండి అంటే ఆటో తోలుకొని బతికేవాడు ఏమి కావాలి? ఆ మిత్రుడు అడగకపోతే ఈ వ్యాసంలో మేము తప్పే రాసి ఉండేవాళ్లము.

అందుకని మేము కోరేది ఇంతే. ఇరవై అడుగుల వీధుల్లో ఒక్క పక్కనే బండ్లు పెట్టాలి. అప్పుడు పద్నాలుగు అడుగుల దారి ఉంటుంది, 108 వస్తుంది, ఫైరింజను వస్తుంది, బియ్యం లారీ వస్తుంది. ఎప్పుడూ ఒకే పక్క వాళ్లకు ఇబ్బంది అనుకుంటే పుణెలో పి1, పి2 బోర్డులు పెట్టినట్లు సరి తేదీన ఒక పక్క, బేసి తేదీన మరొక పక్క పెట్టుకోవచ్చు. మలుపుల దగ్గర మాత్రం ఏ తేదీనాడూ ఎవరూ పెట్టరాదు, అక్కడ పసుపు గీత గీయాలి. ఇంటి కింది స్థలాన్ని కొట్టుగానో గోదాముగానో మార్చినవారు ముందు దానిని ఖాళీ చేసి తమ కారు లోపల పెట్టుకోవాలి. అప్పుడు మిగిలే ఆ ఒక్క పక్కన ఆటోకు, ట్రాలీకి చోటు దొరుకుతుంది.

"మీకు బండి లేదు, మీకెందుకు?" అని ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగారు. బండి లేదు కనుకనే అడుగుతున్నాము. బండి ఉన్నవారికి రోడ్డులో ఎనిమిది అడుగులన్నా దక్కుతున్నది. ఉదయం బడికి నడిచిపోయే మాకు, కూరగాయల సంచితో రైతుబజారు నుండి వచ్చే ముసలమ్మకు, కారుకూ వచ్చే బైకుకూ మధ్య ఎంత సందు దొరికితే అంతే.

ఈ విషయం రాసి కాలనీ సంఘం వారికి ఇచ్చాము. ఆదివారం మీటింగులో మాట్లాడతామన్నారు. బియ్యం లారీ వచ్చే వారం వస్తుంది. ఆ ముందు రోజు సాయంత్రం ఇంటింటికీ పోయి, ఒక్క పూట బండ్లు ఎడమ పక్కకు పెట్టమని అడగాలని నిర్ణయించాము. ఇప్పటికి ఆరు ఇళ్ల వారు సరేనన్నారు. మలుపు ఇంటి అంకుల్ "చూద్దాం బాబూ" అన్నారు.